పదకారునికీ ఒక దోసిలి

శ్రావణ పూర్ణిమనాడు ఉపాకర్మ సందర్భంలో యజుర్వేదులు చేసే తర్పణాలలో ఒక విశేషం ఉంది. దేవతలకు తర్పణం చేసేటప్పుడు యజ్ఞోపవీతం ఎడమ భుజం మీద ఉంటుంది, నీరు వేళ్ల కొనల నుంచి జారుతుంది. పితృదేవతలకు చేసేటప్పుడు యజ్ఞోపవీతం కుడి భుజం మీదికి మారుతుంది, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నుంచి నీరు పడుతుంది. ఋషులకు చేసేటప్పుడు మాత్రం దానిని దండలా మెడలో వేసుకుని, చిటికెనవేలి మొదటి నుంచి నీరు వదలాలి. దేవతలకు ఒక్కసారి, ఋషులకు రెండుసార్లు, పితరులకు మూడుసార్లు. అంటే శాస్త్రం దృష్టిలో ఋషి దేవతా కాడు, తాతముత్తాతా కాడు. ఆయనది వేరొక వరుస.

మా కోనసీమ వైదిక కుటుంబాలలో ఎక్కువమంది ఆపస్తంబులు. ప్రజాపతి, సోముడు, అగ్ని, విశ్వేదేవతలు మొదలైన తొమ్మండుగురు కాండర్షులతో మా తర్పణం ముగుస్తుంది. బౌధాయన, హిరణ్యకేశి సూత్రాలవారు అక్కడితో ఆగరు. వైశంపాయనుడు, పలింగువు, తిత్తిరి, ఉఖుడు అంటూ వేదాన్ని శిష్యులకు అందించిన గురువుల పేర్లు వరుసగా చెప్పి, ఆ తరువాత పదకారుడైన ఆత్రేయునికి, వృత్తికారుడైన కౌండిన్యునికి, సూత్రకారులకు నీరు విడుస్తారు. ఈ చివరి పేర్లను పాఠకులు గమనించాలి. మంత్రాలను దర్శించినవారు ఋషులు. ఆత్రేయుడు పదకారుడుగా చేసిన పని వేరు. సంధులతో కలిసిపోయి ప్రవాహంలా ఉన్న సంహితను పదం పదంగా విడదీసి, ఇక్కడ ఒక మాట ముగిసింది, ఇక్కడ మరొకటి మొదలైంది అని చూపించాడు. కౌండిన్యుడు వృత్తి రాశాడు. నేటి పుస్తకాల భాషలో చెప్పాలంటే ఒకరు పదవిభాగం చేసి పెట్టినవారు, మరొకరు వ్యాఖ్యానం రాసినవారు. వారికీ ఒక దోసిలి ఉంది. పుస్తకం రాసినవాడు వెళ్లిపోయినప్పుడు దానిని చదువుకున్నవాడు ఏం చేయాలి అన్న ప్రశ్నకు మన పూర్వులు ఇచ్చిన సమాధానం ఈ వరుసలోనే ఉన్నదని నా అభిప్రాయం.

ఈ ప్రశ్న నాకు గ్రంథాలలో ఎదురుకాలేదు, రేవులో ఎదురైంది. మా ఓడలరేవు అల్లవరం మండలంలో, వైనతేయ గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న ఊరు. 2022 జనవరి 14న, ప్లవ నామ సంవత్సర పుష్య శుద్ధ ద్వాదశినాడు, బ్రహ్మశ్రీ మల్లాది చంద్రశేఖరశాస్త్రిగారు పరమపదించారు. వైకుంఠ ఏకాదశి వెళ్లిన మరునాడు అది. ఆయన వయస్సు అప్పటికి 96 ఏళ్లు. ఊరంతా సంక్రాంతి సందడిలో ఉంది. పండుగ వెళ్లిన తరువాత, వలలు అల్లుకుని జీవించిన ఒక వృద్ధుడు నా దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, ఆ శాస్త్రిగారు నాకేమీ కారండి. ఎదురుగా ఎప్పుడూ చూడనన్నా లేదండి. రేడియోలో విన్నానంతే. గోదాట్లో మునిగి ఆయన పేరున నీళ్లు వదలొచ్చాండీ?" అని అడిగాడు.

బంధువు కానివారికి

ధర్మశాస్త్రం ప్రకారం ఆ వృద్ధునికి ఆశౌచం లేదు. ఉపనయనం చేసి వేదం చెప్పిన ఆచార్యుడు గతిస్తే శిష్యునికి మూడు రాత్రుల ఆశౌచం మనువు చెప్పాడు. ఆపస్తంబ ధర్మసూత్రం తల్లి, తండ్రి, ఆచార్యుడు ఈ ముగ్గురిలో ఎవరు పోయినా పన్నెండు రోజులు వేదాధ్యయనం ఆపమన్నది. ఆచార్యుణ్ణి తల్లిదండ్రుల పక్కన కూర్చోబెట్టడం అక్కడి గొప్పదనం. అయితే రేడియో విన్నవాడు ఆ అర్థంలో శిష్యుడు కాడు. పుస్తకం చదివినవాడూ కాడు. చదివించినవాడికి ఈ శిష్యుని పేరైనా తెలియదు కదా!

అయినా నీరు విడవడానికి అడ్డు లేదు. తర్పణం చివర, బంధువులు కానివారికీ, వేరే జన్మలో బంధువులై ఉండదగినవారికీ, మన చేతి నీటి కోసం ఎదురుచూసే ఎవరికైనా తృప్తి కలగాలని నీరు వదిలే ఆచారం ఉన్నది. మాఘ శుద్ధ అష్టమినాడు భీష్మునికి అందరూ తర్పణం చేస్తారు. సాధారణంగా తండ్రి జీవించి ఉన్నవానికి పితృతర్పణాధికారం లేదు, భీష్మ తర్పణానికి మాత్రం అతనికీ అధికారం ఉంది. భీష్ముడు మనకెవరికీ తాత కాడు. సంతానం లేనివాడు. అంపశయ్య మీద నుంచి ఆయన చెప్పిన రాజధర్మాలు, విష్ణుసహస్రనామం మన ఇళ్లకు చేరాయి. విన్నవాళ్లమంతా ఆ వరుసన ఆయనకు నీరు విడువదగినవాళ్లమే అయ్యాం. అష్టమి తరువాత రెండు మూడు రోజులకే, భీష్మ ఏకాదశినాడు, అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి రథం కదులుతుంది. ఆ రథానికి చేయి వేయడానికి పోయే మా ప్రాంతంవారిలో ఎందరికి ముందున్న అష్టమి గుర్తుంటుందో చెప్పలేను.

ఇంకా దగ్గరి ఉదాహరణ ఒకటి ఉన్నది. అరణ్యకాండలో శ్రీరాముడు జటాయువుకు దహన సంస్కారం చేసి, లక్ష్మణునితో కలిసి నదిలో దిగి ఉదకం ఇచ్చాడు. ఆ నది గోదావరి. పక్షికి, తండ్రి స్నేహితుడన్న ఒక్క వరుసతో, ఇక్ష్వాకు వంశ రాజకుమారుడు గోదావరి నీళ్లు వదిలాడు. జటాయువు అనూరుని కుమారుడు. అనూరుడూ గరుత్మంతుడూ వినత బిడ్డలు. మా రేవులో సముద్రంలో కలిసే గోదావరి పాయకు ఆ వైనతేయుని పేరే ఉన్నది. ఇన్ని ఉండగా ఆ వృద్ధుణ్ణి ఎవరు కాదనగలరు? మంత్రం అక్కరలేదు, పేరు చెప్పి వదలమన్నాను. వదిలాడు.

శాస్త్రిగారిని ఆయన ఎలా విన్నాడో తరువాత చెప్పాడు. పడవమీద వాతావరణ హెచ్చరికల కోసం ఉంచుకున్న చిన్న రేడియోలో శ్రీరామనవమినాడు భద్రాచలం కల్యాణ వ్యాఖ్యానం విన్నాడట. వలలు ఒడ్డున పెట్టి ఆ పూట నలుగురూ ఆ రేడియో చుట్టూ చేరేవారట. అంతకుముందు తరంలో ఆ గొంతు ఉషశ్రీగారిది. కాకరపర్రులో పుట్టిన పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులుగారే ఉషశ్రీ. విజయవాడ ఆకాశవాణిలో ఆయన రామాయణ, భారతాలు చెబుతుంటే నా బాల్యంలో వీధి వీధంతా వినబడేది, నడుస్తూ పోయినా ఒక్క మాట తప్పిపోయేది కాదు. 1990 సెప్టెంబరు 7న ఆయన వెళ్లిపోయారు. వారిద్దరి పద్ధతి వేరు. ఉషశ్రీగారు కథను కళ్లకు కట్టించేవారు. శాస్త్రిగారు ప్రమాణం లేని మాట చెప్పేవారు కాదు, ధర్మసందేహం ఎంత చిన్నదైనా స్మృతి వాక్యం దాకా తీసుకుపోయేవారు. నావంటి వాడికి రెండవది ఎక్కువ ఇష్టం. వలలు అల్లిన ఆ పెద్దాయనకూ అదే ఇష్టమని తెలిసినప్పుడు ఆనందించాను. "ఆయన తెలీదంటే తెలీదనీవోరండి" అన్నాడు. పండితునికి ఇంతకన్న పెద్ద బిరుదు ఏముంటుంది?

కాలువ పూడిపోకూడదు

నీరు వదలడం ఒక పూట పని. ఋషి ఋణం దానితో తీరదు. పుట్టినవాడు మూడు ఋణాలతో పుడతాడని తైత్తిరీయ సంహిత చెప్పింది. దేవఋణం యజ్ఞంతో, పితృఋణం సంతానంతో తీరుతాయి. ఋషులకు చెల్లించవలసినది బ్రహ్మచర్యంతో, అంటే గురువు దగ్గర కూర్చుని చేసే అధ్యయనంతో చెల్లుతుంది. ఋషి అడిగేది చదవమని మాత్రమే.

తైత్తిరీయారణ్యకంలోని రెండవ ప్రపాఠకానికి స్వాధ్యాయ బ్రాహ్మణమని పేరు. అందులో ఒక అందమైన మాట ఉంది. ఋక్కులు చదివితే చదివినవాని పితరులకు పాల కాలువలు ప్రవహిస్తాయి. యజుస్సులు చదివితే నేతి కాలువలు, సామాలకు సోమధార, అథర్వాంగిరసాలకు తేనె కాలువలు. ఇతిహాసాలూ పురాణాలూ గాథలూ ఆ లెక్కలో చేరే ఉన్నాయి, రామాయణం చదివినవాడికీ కాలువ ఉన్నది. మూలంలో వాడిన మాట "కూల్య". కూల్య అంటే కాలువ. నది తనంతట తాను పారుతుంది, కాలువను తవ్వాలి, పూడిక తీయాలి, లాకు ఎత్తాలి. కోనసీమవారికి ఇది విప్పి చెప్పనక్కరలేదు. గోదావరి నిండుగా ఉన్నా, పైన కాలువ పూడిపోతే శివారు చేనికి చుక్క రాదు. మేము ఉన్నది శివారులోనే!

ఎక్కడ కూర్చుని చదవాలన్న నియమమూ అక్కడే ఉంది. ఊరి ఇళ్ల కప్పులు కనబడనంత దూరం, తూర్పుకో ఉత్తరానికో వెళ్లి, సూర్యోదయమైన తరువాత చదవమన్నారు. అంతదూరం పోలేనివాడి సంగతి? శౌచ ఆహ్నేయుడు అనే ఋషి అభిప్రాయం వెంటనే వస్తుంది. ఊళ్లోనే మనస్సులో చదువుకోవచ్చు. పగలైనా రాత్రైనా, నిలబడి, నడుస్తూ, కూర్చుని, చివరికి పడుకుని అయినా సరే. పడుకుని పుస్తకం చదివే వారికి ఇంతటి ప్రమాణం ఉన్నదని చాలామందికి తెలియదు.

ఇప్పుడు మా సీమ పదకారుని సంగతి చెప్పాలి. అమలాపురం దగ్గరి ఇందుపల్లిలో 1927 అక్టోబరు 24న పుట్టిన పుల్లెల శ్రీరామచంద్రుడుగారు తండ్రిగారి వద్ద సంస్కృతం మొదలుపెట్టి, మద్రాసు సంస్కృత కళాశాలలో చదివి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సంస్కృతాచార్యులై, అక్కడి సంస్కృత అకాడమీకి సంచాలకులుగా కూడా పనిచేశారు. ఆయన పరిశోధనకు ఎన్నుకున్న విషయం పండితరాజ జగన్నాథుని అలంకారశాస్త్ర సేవ. షాజహాను కొలువులో పండితరాజ బిరుదు పొందిన ఆ జగన్నాథునిది మా కోనసీమ ముంగండ. ముంగండవాడు రాసిన రసగంగాధరాన్ని మూడు శతాబ్దాల తరువాత ఇందుపల్లివాడు విప్పి చెప్పాడన్నమాట. 2011లో పద్మశ్రీ ఇచ్చారు. 2015 జూన్ 24న ఆయన వెళ్లిపోయారు.

ధ్వన్యాలోకం వంటి లక్షణ గ్రంథాలకు ఆయన రాసిన తెలుగు వ్యాఖ్యలు విద్యార్థులకు ప్రాణం పోశాయి. మా ఊళ్లవంటి చోట్ల మాత్రం ఆయనను నిలిపినది వాల్మీకి రామాయణం. ఆర్షవిజ్ఞాన ట్రస్టు ప్రచురించిన ఆ సంపుటాలలో శ్లోకం, దాని కింద ప్రతిపదార్థం, ఆపై తాత్పర్యం, అవసరమైనచోట విశేషాలు ఉంటాయి. కొత్తగా కల్పించినది లేదు, తన పాండిత్యం చూపించుకునే చోటు ఒక్కటి లేదు. శ్లోకాన్ని అన్వయ క్రమంలో విడదీసి, ఈ మాటకు ఇది అర్థం అని చేయి పట్టుకుని నడిపిస్తారు. బాలకాండ మొదట్లో ప్రతి మాటకూ కిందికి చూసే పాఠకుడు అయోధ్యకాండ సగానికి వచ్చేసరికి, తెలుగు చూడకముందే శ్లోకాన్ని కొంత పోల్చుకోగలుగుతాడు. సంస్కృతం నేర్పుతున్నానని చెప్పకుండా నేర్పడం ఇది. ఆత్రేయుడు సంహితకు చేసినది ఈయన ఆదికావ్యానికి, మన కోసం, మన భాషలో చేశారు. పద్యకావ్యం రాసినవారికి దక్కే కీర్తి ప్రతిపదార్థం రాసినవారికి దక్కదు. సభలలో వారి మాటలు ఎత్తుకుని ఎవరూ పాడరు. పుస్తకం తెరచి వేలు పెట్టుకుని చదివేవాడికి మాత్రం వారే దిక్కు.

సంగమానికి వచ్చిన సంచీ

నదీముఖం దగ్గర ఉన్న అర్చకునికి తరచు ఎదురయ్యే పని ఒకటుంది. ఇల్లు ఖాళీ చేసేవారు పాత దేవుడి పటాలు, చిరిగిన పురాణాలు సంచులలో తెచ్చి నీళ్లలో విడవడానికి అనుజ్ఞ అడుగుతారు. శిథిలమై చదవడానికి వీలుకాని గ్రంథాన్ని పారే నీటిలో విడవడం పెద్దల ఆచారమే. అది తాటాకుల నాటి ఆచారం. కొత్త ప్రతి రాయించుకున్న తరువాతే పాత ప్రతిని గంగలో కలిపేవారు. ఇప్పటి పటాలకు అద్దం, మేకులు, ప్లాస్టిక్ పొరలు. అద్దం పెంకులు వలలు లాగేవారి కాళ్లలో గుచ్చుకుంటున్నాయి. అటువంటివి నదికి ఇవ్వడం పుణ్యం కాదని నేను ఎన్నోసార్లు చెప్పాను. చెబుతూనే ఉన్నాను.

కొన్నేళ్ల కిందట ఒక పొరుగూరి గృహిణి అలాగే ఒక బరువైన సంచీ తెచ్చారు. భర్త తెలుగు పండితునిగా పదవీ విరమణ చేసినవారు, ఆయనకు సంవత్సరీకాలు అయిపోయాయి. పిల్లలు ఇల్లు అమ్మి ఆమెను హైదరాబాదు తీసుకుపోతున్నారు. "పంతులుగారూ, అక్కడ పెట్టుకోవడానికి చోటు లేదంటున్నారు. పాత కాగితాలవాడికి తూకం వేయడానికి నాకు చేతులు రావడం లేదు. గోదావరమ్మకు ఇచ్చేస్తాను" అన్నారు. సంచీ విప్పితే పుల్లెలవారి రామాయణం. అట్టలు చెక్కుచెదరలేదు. ఏ సర్గ ఏ తిథినాడు చదివారో అంచులలో పెన్సిలుతో రాసి ఉంది. కొన్నిచోట్ల తిథి పక్కన ఒక్క మాట: వాన, జ్వరం, మనవరాలు పుట్టింది. బాలకాండ నుంచి వరుసగా వచ్చిన ఆ తిథులు యుద్ధకాండలో ఒకచోట ఆగిపోయాయి. తరువాతి పుటల అంచులు తెల్లగా ఉన్నాయి.

ఆయన సాయంత్రాలు పైకి చదివేవారట, ఆమె బియ్యం ఏరుకుంటూ వినేవారట. "అమ్మా, ఇది జీర్ణగ్రంథం కాదు, సగంలో ఆగిన పారాయణ. మిగిలిన సర్గలు మీరు చదవండి" అన్నాను. తాను అయిదో తరగతితో బడి మానేశానని, శ్లోకాలు పలకలేనని ఆమె అన్నారు. అటువంటివారి కోసమే ఆ పెద్దాయన ప్రతిపదార్థం రాశారని చెప్పాను. కొంతసేపు ఆలోచించి, యుద్ధకాండను చీర కొంగులో చుట్టుకున్నారు, తక్కినవి ఆలయానికి ఇచ్చారు. అటుపై ఏడాదిన్నరకు వారి అబ్బాయి ఫోను చేసి, అమ్మ రావణవధ అయ్యి విభీషణ పట్టాభిషేకం దాకా వచ్చిందని, రోజుకు పది శ్లోకాలకు మించి కదలదని, ఆ సమయంలో ఇంట్లో టీవీ కట్టేయమంటుందని చెప్పాడు. కొంచెం ఫిర్యాదుగానే చెప్పాడనుకోండి.

ఆ పుస్తకాల అంచులలో ఇప్పుడు ఇద్దరి చేతిరాత ఉన్నది. రచయితను తలచుకోవడం అంటే నాకు ఇదే తోస్తుంది. పటానికి దండ వేసి, మైకులో నాలుగు విశేషణాలు చెప్పి, ఆయన పుస్తకం అద్దాల బీరువాలో తాళం వేసి ఉంచితే కాలువ పూడిపోయినట్టే. కోనసీమలో పుస్తకానికి శత్రువులు ఇప్పటికే చాలామంది ఉన్నారు. ఉప్పుగాలి ఒకటి, చెదలు ఒకటి. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6 నాటి తుపాను ఎన్ని ఇళ్లలో ఎన్ని గ్రంథాలను ముద్ద చేశాయో లెక్క లేదు. మా బీరువాలో ఉన్నవాటిలో కొన్నింటికి ఇప్పటికీ నీటి మరక గీత కనబడుతుంది. వీటన్నిటినీ తట్టుకుని మిగిలిన పుస్తకాన్ని మనమే నీళ్లలో వేయడం ఎందుకు?

ఆవలి గట్టు కవి

వైనతేయకు ఆవలి గట్టున మామిడికుదురు ఉంది. అక్కడ 1911 సెప్టెంబరు 19న పుట్టిన బోయి భీమన్నగారు 2005 డిసెంబరు 16న కన్నుమూశారు. "పాలేరు" నాటకం చూసి తమ పిల్లలను బడికి పంపినవారు ఈ సీమలో ఎందరో ఉన్నారని పెద్దలు చెబుతారు. వసిష్ఠ అరుంధతుల కథతో ఆయన "రాగవాశిష్ఠం" రాశారు. వసిష్ఠ గోదావరి ఒక వైపు, వైనతేయ మరొక వైపు ఉన్న గడ్డ మీద పుట్టిన కవికి ఆ కథ దొరకడంలో ఆశ్చర్యం లేదు. "గుడిసెలు కాలిపోతున్నై" అన్న కావ్యానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 2001లో పద్మభూషణ్.

ఆయన రాసినవన్నీ నాబోటి అర్చకుని చెవికి తీయగా ఉండవు. కొన్ని ప్రశ్నలు సూటిగా మా వైపే వేలు చూపిస్తాయి. ఒకసారి మా మంటపంలో ఆయన పేరు తలచినప్పుడు, ఋషుల వరుసలో ఆయన పేరేమిటని ఒకరు నొసలు చిట్లించారు. వారికి నేను ఐతరేయ బ్రాహ్మణంలోని కవష ఐలూషుని కథ చెప్పాను. సరస్వతీ తీరాన ఋషులు సత్రయాగం చేస్తున్నారు. కవషుడు దాసీపుత్రుడని, తమ నడుమ అతనికి దీక్ష ఏమిటని వెళ్లగొట్టారు. సరస్వతి నీరు కూడా తాగకూడదని ఎడారిలో వదిలేశారు. దప్పికతో నాలుక ఎండిపోతున్న ఆ మనిషికి అక్కడ అపోనప్త్రీయ సూక్తం దర్శనమయింది. నీళ్లు అతని వెంట లేచి వచ్చాయి. సరస్వతి తానే వచ్చి అతని చుట్టూ తిరిగింది. అప్పుడు ఋషులు, ఇతణ్ణి దేవతలు ఎరుగుదురు, పిలుద్దాం అనుకుని పిలిచారు. ఆ సూక్తం ఋగ్వేదం పదవ మండలంలో ఉన్నది, సోమయాగంలో జలాలు తెచ్చేటప్పుడు నేటికీ దానిని చదవవలసిందే. తరిమినవారి పేర్లు ఆ కథలో లేవు.

నొసలు చిట్లించినవారు ఏమీ అనలేదు. తరువాతి నెల కూడా రాలేదు. ఆ తరువాత వచ్చారు.

పాటలు రాసినవారి గురించి కూడా అడుగుతుంటారు. సిరివెన్నెల సీతారామశాస్త్రిగారు 2021 నవంబరు 30న వెళ్లిపోయారు. ఆనాడు కార్తిక బహుళ ఏకాదశి. "శివదర్పణం" పేరుతో శివునిపై అన్ని గీతాలు రాసుకున్న కవికి కార్తికంలోనే పిలుపు వచ్చింది. సినిమా పాటకు తర్పణమేమిటని వైదికులు కొందరు అంటారు. స్వాధ్యాయ బ్రాహ్మణం గాథలను కూడా లెక్కలోకి తీసుకున్నది. గాథ అంటే పాటే కదా! ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణగారు 2011 ఫిబ్రవరి 24న కన్నుమూశాక, ఆయన రాసిన "శ్రీరామరాజ్యం" ఆ ఏడాది నవంబరులో తెరమీదికి వచ్చింది. రచయిత వెళ్లిన తరువాత అతని రాముడు ఇంటికి వచ్చాడని మా ఊరి పెద్దావిడ ఒకరు అన్నారు. బాపుగారు కూడా 2014 ఆగస్టు 31న ఆయన వెంట వెళ్లారు. వారి మీద ఈ శీర్షికలోనే ఎందరో రాశారు, నేను కొత్తగా చెప్పేది లేదు.

ఎప్పుడు, ఎలా

తిథి ఎలా చూసుకోవాలని కొందరు ఉత్తరాలు రాస్తున్నారు. పుత్రులు చేసే ఆబ్దికం వేరు, పాఠకులు చేసే స్మరణ వేరు. ఆబ్దికం కర్తలదే, మనం దానిలో జోక్యం చేసుకోరాదు. స్మరణకు హోమం లేదు, పిండం లేదు, సంకల్పం కూడా అక్కరలేదు. స్త్రీలు, పిల్లలు, ఏ కులంవారైనా చేయవచ్చు. ఆ రోజు స్నానం చేసి, పేరు చెప్పి ఒక దోసిలి నీరు తులసి మొదట్లో వదిలి, ఆయన రాసిన పుస్తకంలో ఒక్క పుట అయినా పైకి చదవండి. ఇంట్లో మరొకరు వినేటట్లు చదవడం మంచిది. మల్లాదివారికి పుష్య శుద్ధ ద్వాదశి, సిరివెన్నెలగారికి కార్తిక బహుళ ఏకాదశి. ఏకాదశీ ద్వాదశులు కావడం వల్ల ఇవి గుర్తుంచుకోవడం తేలిక.

పుల్లెలవారి విషయంలో ఒక చిక్కు ఉన్నది. 2015, మన్మథ నామ సంవత్సరంలో ఆషాఢం అధికమాసంగా వచ్చింది. ఆయన వెళ్లినది ఆ అధికాషాఢ శుద్ధ అష్టమినాడు. అధికమాసంలో గతించినవారికి, ఆ మాసం మళ్లీ అధికంగా రాని సంవత్సరాలలో, అదే పేరుగల నిజమాసంలోని తిథినే పాటించాలి. కాబట్టి ఏటా ఆషాఢ శుద్ధ అష్టమి.

ఆ రోజులలో మాకు వానలు, సముద్రం మీది నుంచి ఈదురుగాలి. అయినా మా ఆలయ మంటపంలో ఆ సాయంత్రం దీపారాధన అయ్యాక ఒక సర్గ చదువుతున్నాం. శ్లోకం నేను చదువుతాను, ప్రతిపదార్థం వచ్చినవారు తలా ఒకటి చదువుతారు. కిందటి యేడు పదకొండుమంది వచ్చారు, వారిలో నలుగురు బడిపిల్లలు. కరెంటు పోతే రెండు లాంతర్లు సిద్ధంగా ఉన్నాయి. పుస్తకాలు తెచ్చుకోనవసరం లేదు, ఇక్కడ ఉన్నాయి. కళ్లద్దాలు మాత్రం మరచిపోకండి.